సందేహం తీర్చుకోవడానికి కొండలోకి వెళ్ళిన భిక్షువు

మా బెజవాడ వన్ టౌన్‌లో ఏ సందులో నిలబడి తలెత్తినా కొండ కనిపిస్తుంది. కొండంటే ఇక్కడ అందరికీ అమ్మవారే. దసరా వచ్చిందంటే వినాయకుడి గుడి దగ్గర మొదలైన క్యూ కొండెక్కేదాకా తెగదు. ఆ కొండ కిందే అక్కన్న మాదన్న గుహలున్నాయి. దర్శనానికి వచ్చినవాళ్ళలో అటు తొంగిచూసేవాళ్ళు తక్కువ. పదిహేడో శతాబ్దపు గోల్కొండ మంత్రుల పేరు వాటికి అంటుకుంది గానీ, రాయిని తొలిచింది అంతకు వెయ్యేళ్ళ ముందు, ఆరు ఏడు శతాబ్దాల్లో. మండుటెండలో వెళ్ళినా లోపల చల్లగా ఉంటుంది. బరువైన రాతి స్తంభాలు, వాటి వెనక చీకటి గది, తడిమితే చేతికి తగిలే ఉలి దెబ్బలు. ఆ గోడ మీద చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు ఒక పెద్దమనిషి గుర్తొస్తాడు. ఆ గుహలకీ ఆయనకీ చుట్టరికం కలపడం నా ఉద్దేశం కాదు. ఇవి హిందూ దేవతల కోసం తొలిచిన గుహలు, ఆయన బౌద్ధ భిక్షువు. అయినా కాలం ఇంచుమించు అదే, కృష్ణా నదీ అదే.

ఆయన పేరు భావవివేకుడు. భవ్యుడనీ, భావివేకుడనీ కూడా అంటారు. ఆరో శతాబ్దంవాడు. నాగార్జునుడి మాధ్యమిక సిద్ధాంతానికి తర్కశాస్త్రపు కట్టుదిట్టం తెచ్చిన ఆచార్యుడు. ప్రపంచంలో ఎక్కడ బౌద్ధ దర్శన చరిత్ర రాసినా ఆయనకి ఒక అధ్యాయం ఉంటుంది. ఆయన బతుకు కథ మాత్రం కృష్ణ ఒడ్డున ముగుస్తుంది, అది కూడా మామూలు ముగింపు కాదు.

ఆ కథ మనకి చెప్పింది చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్. క్రీ.శ. 639 ప్రాంతంలో ఆయన కృష్ణ ఒడ్డునున్న ధాన్యకటకానికి వచ్చాడు. అప్పటికే విహారాలు చాలావరకు పాడుపడ్డాయనీ, ఇరవై దాకా మిగిలాయనీ, వాటిలో వెయ్యిమంది భిక్షువులున్నారనీ రాసుకున్నాడు. సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు కూర్చుని మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు. బదులుగా వాళ్ళకి మహాయాన శాస్త్రాలు చెప్పాడు. ఊరికి దక్షిణంగా ఉన్న ఒక పెద్ద కొండ గురించి అప్పుడు విన్న కథనే తన యాత్రా గ్రంథంలో పెట్టాడు.

భావవివేకుడు పైకి సాంఖ్యుల వేషంలో తిరిగేవాడట, లోపల నాగార్జునుడి చదువు. మగధలో ధర్మపాలుడనే యోగాచార పండితుడు వేలమంది శిష్యులకి పాఠం చెబుతున్నాడని విని, వాదించడానికి పాటలీపుత్రం దాకా వెళ్ళాడు. ధర్మపాలుడు బోధివృక్షం దగ్గర ఉన్నాడు. తన మొక్కు తీరేదాకా ఆ చెట్టుని చూడనని పట్టు పట్టిన భావవివేకుడు శిష్యుడి చేత కబురంపాడు. బతుకు నీటిబుడగ, సాధనకే పొద్దు చాలడం లేదు, వాదాలకి తీరిక ఎక్కడిదని ధర్మపాలుడు తిప్పి చెప్పించాడు. ఇద్దరు మహాపండితులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఆ అధ్యాయం ముగిసింది. అంత దూరం నడిచి వెళ్ళినవాడు అంత దూరమూ తిరిగి నడిచి వచ్చాడు.

వచ్చాక ఒక ఆలోచన ఆయన్ని పట్టుకుంది. రాబోయే బుద్ధుడు మైత్రేయుడు వస్తే తప్ప తన సందేహాలు తీర్చేవారు లేరని. ఈ ఒక్క మాట కోసమే నేను భావవివేకుడి వెంట పడ్డాను. తన కాలంలో ఉన్న ప్రతి దర్శనాన్నీ విచారించి, దేనికి దాని తప్పు చూపించిన తార్కికుడు. సాంఖ్యులు, వైశేషికులు, వేదాంతులు, మీమాంసకులు, సొంత బౌద్ధుల్లోనే యోగాచారులు, అందరికీ జవాబు రాసినవాడు. అలాంటివాడు లోపల ఇంకా తేలని ప్రశ్నలతో ఉన్నాడని జనం చెప్పుకున్నారు. పండితుడి గురించి ఊళ్ళో పుట్టే కథల్లో ఎంతమందిని ఓడించాడన్నదే ఉంటుంది సాధారణంగా. ఇక్కడ కథ అల్లినవాళ్ళు ఆయన గెలుపుని పక్కనపెట్టి ఆయన సందేహాన్ని గుర్తుపెట్టుకున్నారు. ఆ జనం మీద నాకు గౌరవం కలుగుతుంది.

ఆపైన కథ ఇలా నడుస్తుంది. అవలోకితేశ్వరుడి ముందు కూర్చుని, గింజ ముట్టకుండా నీళ్ళతోనే మూడేళ్ళు జపం చేశాడు. బోధిసత్త్వుడు ప్రత్యక్షమై ఏం కావాలన్నాడు. మైత్రేయుడు వచ్చేదాకా ఈ దేహం నిలవాలన్నాడు ఈయన. మనిషి ప్రాణం ఎంతసేపు, పుణ్యం చేసి తుషిత లోకంలో పుట్టు, అక్కడే మైత్రేయుణ్ణి చూడొచ్చు కదా అని బోధిసత్త్వుడు నచ్చజెప్పాడు. ఈయన వినలేదు. అయితే ధాన్యకటకానికి దక్షిణాన ఉన్న కొండ దగ్గరికి వెళ్ళి వజ్రపాణి మంత్రం జపించమని సెలవిచ్చాడు. మరో మూడేళ్ళు గడిచాయి. వజ్రపాణి వచ్చి, ఈ రాతి లోపల అసురుల భవనం ఉంది, పద్ధతి ప్రకారం అడిగితే గోడ తెరుచుకుంటుంది, లోపల కూర్చుని ఎదురుచూడమన్నాడు.

అప్పుడు భావవివేకుడు ఆవాలు మంత్రించి కొండ మీద కొట్టాడు. రాయి విచ్చుకుంది.

ఆవాలతో దిష్టి తీసి పొయ్యిలో పడేసిన ఇళ్ళలో పెరిగాం మనం. అవి చిటపటలాడితే దిష్టి పోయిందనేది మా అమ్మమ్మ. కాబట్టి ఈ కథ ఎక్కడో చైనా పుస్తకంలో చదువుతున్నా మన వంటింటి పోపులడబ్బా దగ్గర విన్నట్టే ఉంటుంది నాకు. ఇక్కడి వాళ్ళ నోట విన్న కథే ఆ యాత్రికుడు రాసుకున్నాడనడానికి నాకింతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

రాయి తెరుచుకున్న సంగతి విని జనం వేలల్లో పోగయ్యారు. ఆయన గడప మీద నిలబడి, నేను మైత్రేయుడి కోసం వెళుతున్నాను, రండి, అందరం కలిసి చూద్దాం అని పిలిచాడు. ఒక్కరూ అడుగు ముందుకు వెయ్యలేదు. అది పాముల పుట్ట, వెళితే చస్తాం అన్నారు. ఆయన మళ్ళీ మళ్ళీ పిలిచాడు. చివరికి ఆరుగురు కదిలారు. మిగిలినవాళ్ళకి వీడ్కోలు చెప్పి ఆయన లోపలికి నడిచాడు. వెనక రాయి మూసుకుంది. బయట మిగిలినవాళ్ళు తమ అనుమానాన్ని తిట్టుకున్నారని హ్యూయన్‌త్సాంగ్ రాశాడు.

ఆ కొండ ఏదన్న మీద పెద్ద వాదమే జరిగింది. ఊరికి తూర్పున ఒక కొండనీ, పడమర ఒక కొండనీ ఆనుకుని పూర్వశైల, అపరశైల విహారాలున్నాయని హ్యూయన్‌త్సాంగ్ రాశాడు. అమరావతిని ఆనుకుని అలాంటి కొండలు లేవు, బెజవాడకి రెండు పక్కలా ఉన్నాయి. అందుకని ఫెర్గుసన్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు పంతొమ్మిదో శతాబ్దంలో ధాన్యకటకం అంటే బెజవాడే అన్నాడు. అమరావతి శాసనాల్లో ధాన్యకటకం పేరు స్పష్టంగా ఉంది కాబట్టి తర్వాతి పండితులు అమరావతి పక్కనున్న ధరణికోటకే ఓటు వేశారు. నేనూ వాళ్ళతోనే ఉన్నాను. మా ఊరికి ఆ కొండ దక్కకపోయినా నష్టం లేదు. ధరణికోట నుంచి బెజవాడ ఎంత దూరం గనక!

కథని పక్కనపెట్టి ఆయన పుస్తకాల్లోకి వెళితే వేరే మనిషి కనిపిస్తాడు. మంత్రాలు, ఆవాలు లేవు. ప్రతి మాటకీ కారణం, ప్రతి కారణానికీ దృష్టాంతం. కొండ మీద నిప్పుంది, పొగ వస్తోంది కాబట్టి, వంటశాలలో చూసినట్టు. ఈ మూడు మెట్ల అనుమాన పద్ధతిని బౌద్ధంలో స్థిరపరచినవాడు దిఙ్నాగుడు. ఆయన హేతువిద్యా గ్రంథం రాసింది వేంగి దగ్గరి కొండ మీదేనని హ్యూయన్‌త్సాంగే చెప్పాడు. మన ఏలూరు పక్క పెదవేగి. దిఙ్నాగుడి పనిముట్టు తీసుకుని నాగార్జునుడి శూన్యవాదానికి వాడినవాడు భావవివేకుడు. డెల్టాకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు.

ఆయన చేసిన కొత్త పని ఏమిటో కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. వస్తువులకి సొంత స్వభావం లేదు, అన్నీ ఒకదాన్ని పట్టుకుని ఒకటి పుడతాయి అన్నది నాగార్జునుడి మాట. ఆయన తర్వాత బుద్ధపాలితుడనే వ్యాఖ్యాత ఆ మాటని నిలబెట్టడానికి ఒక పద్ధతి పట్టాడు. ఎదుటివాడు ఏది అన్నా, అది ఒప్పుకుంటే ఎలాంటి అసంబద్ధం వస్తుందో చూపించి ఊరుకోవడం. తన తరఫున ఏ ప్రతిజ్ఞా చెయ్యడు. భావవివేకుడికి ఇది నచ్చలేదు. హేతువు చెప్పలేదు, దృష్టాంతం చూపలేదు, ఎదుటివాడి ఆక్షేపణకి సమాధానం ఇవ్వలేదు, దీన్ని వాదమని ఎలా అంటారని నిలదీశాడు. ఇతరుల మాట కూలగొడితే సరిపోదు, నీ మాట నువ్వు పెట్టు, దానికి పూచీ పడు అన్నది ఆయన పట్టుదల. అందుకే ప్రతి ప్రతిజ్ఞకీ ముందు పరమార్థంలో అన్న షరతు చేర్చాడు. లోకవ్యవహారంలో కన్ను చూస్తుంది, కుండ నీళ్ళు పడుతుంది, వాటితో ఆయనకి పేచీ లేదు. పరమార్థంలో విచారిస్తే వాటికి సొంత స్వభావం దొరకదు, అంతవరకే తన వాదం. ఎక్కడిదాకా తన మాట చెల్లుతుందో ముందే గీత గీసుకుని మాట్లాడేవాడు.

తర్వాతి శతాబ్దంలో చంద్రకీర్తి వచ్చి, బుద్ధపాలితుడి పక్షం వహించి, భావవివేకుడి మీద విరుచుకుపడ్డాడు. దేనికీ సొంత స్వభావం లేదనేవాడు ఏ నేల మీద నిలబడి సొంత ప్రతిజ్ఞ చేస్తాడన్నది ఆయన ప్రశ్న. గట్టి ప్రశ్నే. టిబెట్ వాళ్ళు ఆ తగువు ఆధారంగానే మాధ్యమికులని స్వాతంత్రికులు, ప్రాసంగికులు అని రెండు జట్లు చేశారు. చాలామంది మొగ్గింది చంద్రకీర్తి వైపే. నా మనసు మాత్రం భావవివేకుడి దగ్గరే ఆగింది. ఎదుటివాడి మాటలో లొసుగు పట్టుకుని నవ్వి వెళ్ళిపోవడం తేలిక. మన మాట బల్ల మీద పెట్టి, కొట్టండి చూద్దాం అనడానికి గుండె కావాలి. బెజవాడ వాదాల ఊరు. కమ్యూనిస్టులు, కాంగ్రెస్‌వాళ్ళు, గోరా గారి నాస్తిక కేంద్రం, పుష్కరాల్లో ప్రవచనకారులు, అందరూ ఇక్కడ గొంతెత్తినవాళ్ళే. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడిగా చెబుతున్నాను, మనకి చంద్రకీర్తులు చాలామంది ఉన్నారు. భావవివేకులు కావాలి.

ఇంకొకటి కూడా ఆయన దగ్గర చూసి నేర్చుకోవాల్సింది ఉంది. ఆయన రాసిన 'మధ్యమకహృదయం'లో పదకొండు అధ్యాయాలు. ఎనిమిదో అధ్యాయం వేదాంతుల మీద. ముందు వాళ్ళ పక్షమంతా వాళ్ళు ఒప్పుకునేట్టు చెబుతాడు. ఆత్మ, ఘటాకాశం దృష్టాంతం, అన్నీ. ఆ తర్వాతే తన ఖండన. శంకరాచార్యుల కంటే ముందు వేదాంతం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి జపాన్ పండితుడు నకమురా హజిమె ఈ అధ్యాయాన్ని ముఖ్య ఆధారంగా వాడుకున్నాడు. ప్రత్యర్థి రాసిన పుస్తకంలో ఒక దర్శనం తన పాత రూపు దాచుకుందన్నమాట. అంత నిజాయితీగా పూర్వపక్షం రాసినవాడు.

అలాంటివాడి పుస్తకాలు ఏమయ్యాయి? నాగార్జునుడి కారికలకి ఆయన రాసిన వ్యాఖ్య 'ప్రజ్ఞాప్రదీపం' సంస్కృతంలో పోయింది. ప్రభాకరమిత్రుడనే భారతీయ భిక్షువు చైనా వెళ్ళి చేసిన అనువాదం ఒకటి, టిబెటన్ అనువాదం ఒకటి మిగిలాయి. మధ్యమకహృదయం మీద వచ్చిన 'తర్కజ్వాల' అనే పెద్ద వ్యాఖ్యని పదకొండో శతాబ్దంలో అతిశ దీపంకరుడు లాసాలో దగ్గరుండి టిబెటన్‌లోకి తేవడం వల్ల బతికింది. 'కరతలరత్నం' అనే చిన్న పుస్తకాన్ని హ్యూయన్‌త్సాంగే 649లో చైనా భాషలోకి తెచ్చాడు. మూలం పోయింది. 1949లో అయ్యస్వామి శాస్త్రి గారు చైనా పాఠం నుంచి మళ్ళీ సంస్కృతంలోకి తిప్పి రాశారు. కృష్ణ ఒడ్డు కథ విన్న యాత్రికుడే ఆ కథానాయకుడి పుస్తకం ఒకటి తన భాషలో నిలబెట్టాడు. ఆయన రుణం మనం తీర్చుకునేది కాదు.

మూలం పోయి అనువాదమే మిగలడం మన ఒక్కరి గతే కాదు. భూగోళానికి ఆ చివర, ఐస్‌లాండ్ ఉత్తరాన థింగేయ్‌రార్ అనే మఠంలో పన్నెండో శతాబ్దం చివర ఒడ్డర్ స్నోర్రసన్ అనే సన్యాసి ఉండేవాడు. నార్వే రాజు ఓలాఫ్ ట్రిగ్వాసన్ చరిత్ర లాటిన్‌లో రాశాడు. ఆయన రాసిన లాటిన్ పాఠం నిలవలేదు. ఇంటి భాషలోకి, అంటే ఐస్‌లాండ్ జనం మాట్లాడే నార్స్‌లోకి ఎవరో చేసిన అనువాదం నిలిచింది. ఒడ్డర్ అదృష్టవంతుడు. ఆయన్ని కాపాడింది సొంత జనం, సొంత భాష. ఐస్‌లాండ్ పిల్లలు ఆయన్ని తమవాడనుకుంటే అందులో వింత లేదు. భావవివేకుణ్ణి కాపాడింది మంచుకొండల అవతల పరాయి భాషలవాళ్ళు. మన భాషలో ఆయనకి ఒక మూల కూడా దొరకలేదు.

మధ్యమకహృదయం సంస్కృత మూలం దొరికిన తీరు బెజవాడ పాఠకులకి ముఖ్యంగా తెలియాలి. 1936లో టిబెట్‌లోని షాలూ మఠంలో తాళపత్రాల్లో అది రాహుల్ సాంకృత్యాయన్ కంటపడింది. చేత్తో నకలు రాసుకున్నాడు. రాహుల్‌జీ పేరు ఈ ఊళ్ళో తెలియనిదెవరికి? 'ఓల్గా నుంచి గంగకు' చాగంటి తులసి గారి తెలుగులో తరాల తరబడి చదివాం. మా ఇంట్లో ఆ పుస్తకం అట్ట ఊడిపోయేదాకా చేతులు మారింది. ఆ రచయిత గుర్రాల మీద, కంచరగాడిదల మీద హిమాలయాలు దాటి వెలికితీసిన పుస్తకం మన నది ఒడ్డున కథ ముగించిన మనిషిదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజు పట్టరాని సంతోషం, వెనకే దిగులు. కంపెనీ అధికారి మెకంజీ 1797లో అమరావతి స్తూపం దిబ్బని చూశాక, స్తూపం రాళ్ళు మద్రాసుకీ, లండన్‌కీ వెళ్ళాయని మనం ఇప్పటికీ బాధపడతాం. బాధపడాల్సిందే. మాటలు కూడా అలాగే వెళ్ళాయని, వాటి కోసం ఒక్క అర్జీ కూడా ఎవరూ పెట్టలేదని ఎందుకు గుర్తురాదు?

2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర దీక్ష జరిగింది. ఆ రోజుల్లో బెజవాడ స్టేషన్ నిండా ముదురెరుపు బట్టల టిబెటన్లే. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు బోధించింది ధాన్యకటకంలోనని వాళ్ళ నమ్మకం. 1416లో లాసా దగ్గర కట్టిన డ్రెపుంగ్ మహామఠానికి ఆ పేరు ధాన్యకటకాన్ని తలుచుకుని పెట్టిందే. దాని వారసులు ఇప్పుడు పొరుగున కర్ణాటకలో, ముండగోడులో ఉన్నారు. అక్కడి చావడిలో కుర్ర భిక్షువులు చప్పట్లు చరిచి, కాలు నేలకేసి కొట్టి, కింద కూర్చున్నవాణ్ణి ప్రశ్నలతో నిలదీస్తారు. స్వాతంత్రికుల వాదం వాళ్ళ పాఠ్యక్రమంలో ఉంది. మన భావవివేకుణ్ణి లెగ్దెన్‌జే అని తమ భాషలో పిలుచుకుంటూ, ఆయన పక్షాన కొందరు, ఎదుటి పక్షాన కొందరు ఇవాళ్టికీ వాదిస్తున్నారు. ఆ జనవరిలో మన ప్లాట్‌ఫాంల మీద చద్దర్లు పరుచుకుని పడుకున్నవాళ్ళలో ఆయన వాదాలు నోటికి వచ్చినవాళ్ళు ఎందరో ఉండి ఉంటారు. వాళ్ళకి టీ పోసిన మనకి ఆయన పేరు తెలియదు.

ఇప్పుడిక సాకులు లేవు. లిండ్ట్నర్ పరిష్కరించిన మధ్యమకహృదయం సంస్కృత పాఠం 2001లో మద్రాసు అడయారు గ్రంథాలయం అచ్చువేసింది. పక్కనే నాగార్జున విశ్వవిద్యాలయంలో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉంది. సంస్కృతం, తెలుగు రెండూ బాగా వచ్చిన పండితులకి కృష్ణా గుంటూరు జిల్లాల్లో కరువు లేదు. ఏటా జనవరిలో బెజవాడ పుస్తకాల పండగకి వచ్చే ప్రచురణకర్తల్లో ఒక్కరు పూనుకున్నా చాలు. అధ్యాయానికి ఒక చిన్న పుస్తకం చొప్పున, మూలశ్లోకం, తెలుగు తాత్పర్యం, కొద్దిపాటి వివరణతో, కాలేజీ కుర్రాడు కొనగలిగే ధరకి తీసుకురండి. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే వేదాంతం మీది ఎనిమిదో అధ్యాయంతో మొదలుపెట్టమంటాను. మన ఇళ్ళలో అందరికీ ఎంతోకొంత పరిచయమున్న విషయం అదే. దాన్ని ఖండించే ముందు ఆయన ఎంత మర్యాదగా వినిపించాడో తెలుగువాళ్ళు తెలుగులో చదవాలి. అనువాదం చేసేవాళ్ళు ముందుకొస్తే, మొదటి పుస్తకం అచ్చుకూలికి చందా పోగు చేసే పని వన్ టౌన్ తరఫున నేను తీసుకుంటాను.